పికప్‌కు ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు: గనిలో అక్కరకొచ్చే వెలుతురు రోడ్డెక్కితే నేరమెలా అవుతుంది?

రాత్రిపూట రామకృష్ణాపూర్ నుంచి మందమర్రి వైపో, మంచిర్యాల వైపో బైక్ మీద వెళ్లేవారికి ఈ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎదురుగా పికప్ వస్తుంది. హెడ్‌లైట్లు చాలవన్నట్టు బంపర్ మీద మరో రెండు తెల్లటి ఎల్‌ఈడీలు. మీరు డిప్ కొట్టి అడిగినా అవి ఆరవు, ఎందుకంటే వాటికి డిప్పర్ లేదు, విడిగా స్విచ్ ఉంది. ఆ క్షణంలో మీకు రోడ్డు అంచు కనిపించదు, ముందు నడిచి వెళ్లే మనిషీ కనిపించడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కళ్లు మూడు సెకన్లు బైర్లు కమ్మితే, మీరు 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే.

అలాగని లైట్లు బిగించుకున్న యజమానిది ఉత్త సరదా అనలేం. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో హైర్ మీద తిరిగే క్యాంపర్లు, పికప్‌లు దుమ్ములో, మలుపుల్లో, డంపర్ల మధ్య నడుస్తాయి. 12 వోల్టుల పాత హాలోజన్ హెడ్‌లైటులో లో బీమ్ 55 వాట్లు, హై బీమ్ 60 వాట్లు. దానికి తోడు అద్దం మీద బొగ్గు పొడి. డ్రైవర్ ఇంకొంచెం వెలుతురు కోరుకోవడంలో తప్పేముంది? చిక్కంతా ఆ బండే షిఫ్టు అయ్యాక గేటు దాటి బయటికి రావడంతో మొదలవుతుంది. గని లోపల బొగ్గు గనుల నిబంధనలు, డీజీఎంఎస్ పర్యవేక్షణ ఉంటాయి. పబ్లిక్ రోడ్డు మీద అడుగుపెట్టగానే మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. లోపల సేఫ్టీ కోసం పెట్టిన లైటు అన్న మాట బయట చెల్లదు.

చట్టంలో ఏముంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ రూల్ ముందు లైట్ల గురించి చాలా స్పష్టంగా ఉంది. వెలుతురు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి. లైటుకు 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లకు అది మిరుమిట్లు గొలపకూడదు. ఆ కొలత ఇంచుమించు ఎదురుగా వచ్చే బైక్ మనిషి కళ్ల ఎత్తే. 111వ రూల్ ఇంకా సూటిది: రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా వాహనం ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు, ఆ అనుమతి కూడా ప్రత్యేక పరిస్థితుల్లోనే. దూరానికి సన్నగా వెలుతురు విసిరే డ్రైవింగ్ లైటును తనిఖీలో ఈ కోవలోకే వేసే అవకాశం ఎక్కువ.

‘ఆర్సీలో లైట్ల వివరాలే ఉండవు కదా, ఇక మార్పు ఎలా అవుతుంది’ అని షాపుల్లో ఒక వాదన వినిపిస్తుంది. చట్టంలోని 52వ సెక్షన్‌ను సగం చదివితే అలాగే అనిపిస్తుంది. కానీ అందులోనే తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్ల ప్రస్తావన ఉంది. వాటికి భిన్నంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ(4) సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. లైట్లు బిగించిన ఇనుప బుల్ బార్ కూడా విడిగా ఒక ఉల్లంఘన కావచ్చు. బుల్ బార్లు 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీదే కట్టి తేల్చుకునే కాంపౌండింగ్ మొత్తాన్ని మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కాబట్టి చలానాలో అంకె వేరేగా ఉండొచ్చు.

ఇక్కడ హైర్ బండ్లు నడిపించేవారు ఒకటి చూసుకోవాలి. ఈ సెక్షన్ పట్టుకునేది యజమానినే. లైట్లు పెట్టించమన్నది కాంట్రాక్టరైనా, స్విచ్ వేసింది డ్రైవరైనా నోటీసు మీ పేరునే వస్తుంది. పని ఒప్పుకునే ముందే ఈ సంగతి మాట్లాడుకోవడం మంచిది.

పెట్టె మీద 300 వాట్లు

చట్టం సంగతి పక్కన పెట్టినా, అమ్మే సరుకులో చాలా భాగం కొన్న డబ్బుకు న్యాయం చేయదు. 12 వోల్టుల బండిలో 300 వాట్లు నిజంగా కావాలంటే 25 ఆంపియర్ల కరెంటు లాగాలి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర డీసీ క్లాంప్ మీటరు ఉంటే నిమిషంలో తేలిపోతుంది. ఇక రిలే, ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు వైరుకే అతికిస్తే వైరు వేడెక్కుతుంది, స్విచ్ కాలుతుంది. అలా మంటలొచ్చి క్లెయిమ్ చేస్తే, బీమా సంస్థ ముందు అడిగేది ఆ వైరింగ్ గురించే. కంపెనీ బిగించని ఎలక్ట్రికల్ పరికరాలను విడిగా ప్రకటించి, అదనపు ప్రీమియం కడితేనే అవి పాలసీలోకి వస్తాయి.

హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం మరో పొరపాటు. ఆ రిఫ్లెక్టర్‌ను తయారుచేసింది సన్నటి ఫిలమెంటు కచ్చితంగా ఫలానా చోట ఉంటుందన్న లెక్కతో. ఎల్‌ఈడీ చిప్ అక్కడ సరిగ్గా కూర్చోకపోతే వెలుతురు చెదిరి పైకి పోతుంది. మీకు కాంతి పెరిగినట్టే ఉంటుంది, దూరం మాత్రం కనిపించదు. దుమ్ములో, పొగమంచులో అయితే ఎత్తులో ఉన్న లైటు మీ కళ్ల ముందే తెల్లగోడ కడుతుంది. పసుపు రంగు పెడితే మంచు చీలుతుందంటారు గానీ, రంగు కంటే లైటు ఎంత కింద ఉంది, వెలుతురు ఎంత వెడల్పుగా, నేలబారుగా పడుతోంది అన్నదే ముఖ్యం. కంపెనీ ఫాగ్ ల్యాంపులు బంపర్ అడుగున ఉండేది అందుకే.

మరి వెలుతురు పెరిగేదెలా?

ముందు డూమ్ తుడవండి. నవ్వొచ్చినా సరే, బొగ్గు ప్రాంతంలో దీని తర్వాతే మిగతావన్నీ. పసుపెక్కి మసకబారిన డూమ్‌ను పాలిష్ చేయించండి, లేదా మార్చండి. కొన్నేళ్ల బండి అయితే హెడ్‌లైటుకు రిలే వైరింగ్ వేయిస్తే బల్బుకు అందే వోల్టేజీ మెరుగవుతుంది. అదే 55 వాట్ల బల్బు తేడాగా వెలుగుతుంది. తర్వాత ఫోకస్ అలైన్‌మెంట్. పికప్ వెనక లోడు పడగానే ముక్కు పైకి లేస్తుంది, లో బీమ్ కూడా ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. చాలా బండ్లలో డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం అందుకే ఉంది. దాన్ని ముట్టుకోని డ్రైవర్లే ఎక్కువ. లోడుంటే అంకె పెంచండి, దింపాక మళ్లీ సున్నాకు తెండి.

ఇవన్నీ చేసినా చాలకపోతే మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే ఫాగ్ ల్యాంపులను అధీకృత డీలర్ దగ్గరే బిగించి, బిల్లు బండిలో పెట్టుకోండి. గని లోపల అదనపు లైటు తప్పనిసరి అయితే, ఆ అవసరాన్ని రాతపూర్వకంగా చూపి మంచిర్యాల జిల్లా రవాణా కార్యాలయంలో ముందే అనుమతి అడగాలి. సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. అందులో హెడ్‌లైట్లూ చూస్తారు. ఆ రోజుకు ఫోకస్ లైట్లు విప్పి, మర్నాడు మళ్లీ బిగించే అలవాటు తెలియనిది కాదు. కాకపోతే విప్పి బిగించిన ప్రతిసారీ వైరు జాయింట్లు వదులవుతాయి, షార్ట్ సర్క్యూట్లు మొదలయ్యేది అక్కడే. ఇప్పటికే బండి మీద చలానా ఉందేమోనన్న అనుమానం ఉంటే, తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే ఏ ఉల్లంఘన కింద రాశారో కనిపిస్తుంది.