బ్రెడ్డుకు లెక్క ఉండదా?

షుగర్ ఉందని తేలిన ఇంట్లో మొదటి కోత అన్నానికే పడుతుంది. ఎన్ని గరిటెలు వడ్డించారో ఇంటిల్లిపాదీ చూస్తారు. అదే మనిషి సాయంత్రం శాండ్‌విచ్ తింటే మాత్రం ‘బ్రెడ్డే కదా, తేలిగ్గా అరుగుతుంది’ అని వదిలేస్తారు. జ్వరమొస్తే పాలూ బ్రెడ్డూ పెట్టే అలవాటు వల్ల పాతుకుపోయిన నమ్మకమిది. తేలిగ్గా అరగడమే షుగర్ ఉన్నవాళ్లకు చిక్కు. శాండ్‌విచ్ మానేయమని నేననను, అన్నానికి చూసే లెక్క దానికీ చూడాలంటాను.

బండి మీద చేసే మూడు పొరల శాండ్‌విచ్‌నే చూడండి. తెల్ల బ్రెడ్డు ముక్కకు వెన్న, కొత్తిమీర పచ్చడి రాసి, ఉడికించిన బంగాళాదుంప చక్రాలు, నాలుగు కీరా ముక్కలు పరుస్తారు. దానిపైన మరో బ్రెడ్డు, మళ్లీ అదే వరస, ఆపైన మూడోది. ఒక్కో ముక్కలో 12 నుంచి 15 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. దుంప, పక్కన పోసే సాస్ కూడా కలిపితే మొత్తం 50 గ్రాములకు చేరుతుంది. పెద్ద కప్పు అన్నంలో ఉండేదీ దాదాపు అంతే. మధ్యాహ్నం కడుపు కట్టుకుని వదిలేసిన అన్నం సాయంత్రానికి ఇలా తిరిగొచ్చేస్తుంది.

‘మేం బ్రౌన్ బ్రెడ్డే తింటాం’ అనేవాళ్లున్నారు. ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌పై 2008లో అంతర్జాతీయ పట్టికలు వెలువడ్డాయి. వాటిలో తెల్ల బ్రెడ్డు సగటు 75, గోధుమ బ్రెడ్డు 74, తెల్లన్నం 73. పొట్టుతో సహా మర ఆడించినా, పిండి మెత్తగా ఉంటే త్వరగానే అరిగి గ్లూకోజు అవుతుంది. గోధుమ పొట్టులోని పీచు పేగులకూ గుండెకూ మంచిదే, అందుకోసం తినండి. షుగర్ పెరగదన్న ధీమాతో మాత్రం తినకండి. పైగా ఆ రంగు కొన్నిసార్లు కారమెల్‌ది. ప్యాకెట్ వెనక పదార్థాల పేర్లు బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు మైదా అయితే ముందువైపు బొమ్మేసిన గోధుమ కంకిని నమ్మక్కర్లేదు.

తినే వరస మారిస్తే కొంత మేలుంటుంది. అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో షుగర్ ఉన్నవాళ్లకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. బ్రెడ్డు, నారింజరసం ముందు తీసుకున్న రోజుతో పోలిస్తే, కూరగాయలు, కోడిమాంసం తిన్నాక వాటిని తీసుకున్న రోజు గంట తర్వాతి గ్లూకోజు సుమారు 37 శాతం తక్కువగా ఉంది. పాల్గొన్నది 11 మందే కదా అనవచ్చు. నిజమే, దాన్ని బట్టి మందులు మార్చుకోకూడదు. కానీ ముందు కీరా, గుడ్డు తిని తర్వాత బ్రెడ్డు ముట్టుకోవడానికి ఖర్చేముంది? శాండ్‌విచ్‌లో అన్నీ ఒకే ముద్దలో పోతాయి గనుక ఆ వరస కుదరదు. పై బ్రెడ్డు తీసేసి, దుంపకు బదులు ఉడికించిన శనగలో పనీరో గుడ్డో పెట్టి, సాస్ పక్కకు నెడితే పిండిపదార్థం బాగానే తగ్గుతుంది. చీజ్, మయొనైజ్ దట్టించినప్పుడు మాత్రం జాగ్రత్త. కొవ్వు వల్ల గ్లూకోజు ఆలస్యంగా పెరుగుతుంది, రెండు గంటల పరీక్షలో బాగానే ఉన్నట్టు కనిపించి ఆ తర్వాత ఎక్కవచ్చు.

ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుంది, పట్టికలు అందరికీ ఎలా సరిపోతాయన్న అభ్యంతరం గట్టిదే. దానికి జవాబు గ్లూకోమీటర్ చెబుతుంది. మొదటి ముద్దకు ముందోసారి, రెండు గంటలకు మరోసారి చూసుకోవాలి. తిన్న తర్వాత 180 లోపు ఉండాలన్నది చాలామంది పెద్దలకు వైద్యులు చెప్పే హద్దు. స్ట్రిప్పుల ఖర్చు భారమే గనుక రోజూ అక్కర్లేదు. మామూలు శాండ్‌విచ్‌కు ఒకసారి, మార్చినదానికి ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా బ్రెడ్డయినా అన్నమైనా ఒక్కసారిగా తగ్గించకూడదు. మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలవుతుంది.