దాడులు సరే, నొప్పికి దారేది?

2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో మందుల షాపులపై దాడులు జరిగినప్పటి నుంచి మన పత్రికల్లో ట్రమడాల్ అనే నొప్పి మందుకు మిగిలింది ఒకే పేరు: మత్తు మాత్ర. చిలకలూరిపేట నుంచి దర్శి దాకా ఆ మాత్ర మింగేవాళ్లలో మిరపకోతలకు వంగి వంగి నడుము పట్టేసిన కూలీలున్నారు, పత్తి తీసే ఆడవాళ్లున్నారు, షుగరు ముదిరి అరికాళ్లు మండిపోతున్న రైతులున్నారు. వాళ్లకు రేపటి నుంచి ఏమిటన్న ప్రశ్న ఏ వార్తలోనూ కనబడలేదు.

మాదకద్రవ్యాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టమంటే శిక్షల పట్టిక అన్నట్టు రాస్తున్నారు. 1985లో వచ్చిన ఆ చట్టం ఎనిమిదో సెక్షన్‌లోనే వైద్య, శాస్త్రీయ అవసరాలను నిషేధం నుంచి మినహాయించింది. అమలు మాత్రం వేరుగా సాగింది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఇవ్వాలంటే ఆస్పత్రి నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది; ఒకటి చేతికొచ్చేసరికి మరొకదాని గడువు తీరేది. పదేళ్లు దాటేసరికి దేశంలో మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పట్టుబట్టాక 2014లో సవరణ వచ్చింది. దుర్వినియోగాన్ని అరికట్టడమే కాదు, ఈ మందులు వైద్య అవసరాలకు అందేలా చూడటమూ ప్రభుత్వ బాధ్యతేనని నాలుగో సెక్షన్‌లో చేర్చారు. నా లెక్కలో ఆ చట్టానికి ఆయువుపట్టు ఇదే. గుర్తింపు పొందిన వైద్యసంస్థ మార్ఫిన్, ఫెంటనిల్ వంటివి ఉంచుకోవడానికి ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఒక్కటి చాలు.

ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఈ చట్టం కిందికి తెచ్చారు. అయినా రోగి దొంగ కాలేదు. ఎన్‌డీపీఎస్ నిబంధనల్లో 66వది చూడండి: సొంత వైద్యానికి ఒకేసారి 100 మోతాదుల వరకు, దీర్ఘకాల చికిత్సకని డాక్టర్ ప్రత్యేకంగా రాసిస్తే 300 వరకు దగ్గర ఉంచుకోవచ్చు. షాపువాడి తప్పు వేరు. చీటీ లేకుండా అమ్మడం, ఇలాంటి మందుల అమ్మకాలకు ఉంచాల్సిన హెచ్1 రిజిస్టరులో రాయకపోవడం అతని నేరాలు. రెండింటినీ ఒకే గాటన కట్టేసరికి చీటీ ఉన్న రోగి కూడా భయపడుతున్నాడు, రాసే డాక్టరూ వెనకాడుతున్నాడు.

అలాగని ట్రమడాల్‌ను నేను వెనకేసుకు రావడం లేదు. చీటీ లేకుండా కౌంటరు మీద అమ్మితే అది చేసే అసలు హాని షుగరు రోగి కడుపులో ఉంది. అదుపు తప్పిన షుగరు ఏళ్లు గడిచేకొద్దీ వాగస్ నరాన్ని దెబ్బతీస్తుంది. జీర్ణాశయం అన్నాన్ని ముందుకు నెట్టలేకపోతుంది. రెండు ముద్దలకే కడుపు నిండుతుంది, పొద్దున తిన్నది రాత్రి వాంతిలో పడుతుంది, పైకడుపులో నొప్పి వదలదు. ఇది గ్యాస్ట్రోపరేసిస్, ఊళ్లో మాత్రం ‘గ్యాస్’. నొప్పికని ట్రమడాల్ ఇస్తే, నల్లమందు కోవ మందు కాబట్టి కదలిక ఇంకా మందగిస్తుంది, వాంతులు పెరుగుతాయి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. నెలల తరబడి వాడితే మూతి, నాలుక వాటంతటవే కదిలే జబ్బు రావచ్చని 2009లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించిన మందు అది.

సరైన వైద్యం ఇంత గజిబిజి కాదు. ముందు ఎండోస్కోపీతో అడ్డంకి లేదని తేల్చాలి. తర్వాత స్కాన్: నాలుగు గంటలయ్యాక కూడా తిన్నదాంట్లో 10 శాతానికి మించి కడుపులోనే ఉంటే జబ్బున్నట్టు. మెత్తటి, నూనె తక్కువ తిండి కొంచెం కొంచెంగా అయిదారుసార్లు, షుగరు అదుపు, డాంపెరిడోన్ ఇస్తే ఈసీజీ చూసి ఇవ్వడం. మందులకు లొంగకపోతే జీర్ణాశయం చివరనున్న పైలోరస్ కండరాన్ని ఎండోస్కోపీతో కోసే జీ-పోయెమ్ హైదరాబాద్‌లో ఉంది. అరికాళ్ల మంట వేరే నొప్పి, దానికి మందులూ వేరు. మిరపలోని క్యాప్సైసిన్ నొప్పి నరాలను ఎలా తాకుతుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అదే క్యాప్సైసిన్ పట్టీని షుగరు రోగుల పాదాల నొప్పికి అమెరికా 2020లో ఆమోదించింది. మిరప పండించే నేల మీద ఆ మాట రోగికి చెప్పేవాళ్లు అరుదు.

ఈ నొప్పి మందులకు తలుపు తెరిస్తే మత్తు వ్యాపారం పెరుగుతుందని అధికారుల వాదన. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ దొంగ అమ్మకం పెరిగింది ఆస్పత్రిలో నొప్పిని పట్టించుకునేవాళ్లు లేనిచోటే. దాడికి బృందాలను పంపగలిగిన ప్రభుత్వం గుంటూరు, ఒంగోలు సర్వజనాసుపత్రుల్లో, నరసరావుపేట, మార్కాపురంలాంటి చోట్ల వారానికి రెండు రోజులు నొప్పి ఓపీ నడపగలదు. 2014 సవరణ దానికి దారి ఇచ్చింది. ఇన్నేళ్లయినా ఆ దారిన నడవనివాళ్లు షాపువాడిని మాత్రమే దోషిగా చూపడం నాకు న్యాయంగా తోచడం లేదు.