ఏ కాగితమో టెంప్లేట్‌కు తెలుసు

వర్డ్‌కు యాడ్‌ఇన్‌లు రాసేవాళ్లలో ఒక మాట శాసనంలా చెల్లుతోంది: ప్రింటర్ జోలికి వెళ్లకూడదు. ఖాతాదారు పేరు తెచ్చి నింపొచ్చు, పట్టికలు గీయొచ్చు, మార్జిన్లు సర్దొచ్చు, ఫాంటు మార్చొచ్చు. అచ్చు ఏ యంత్రానికి పోవాలన్నది మాత్రం కుర్చీలో కూర్చున్నవారి ఇష్టం. డైలాగ్ బాక్స్ ఉన్నదే అందుకు కదా అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. చేయాల్సిన పని తప్పించుకోవడానికి ఇంతకంటే మర్యాదైన సాకు దొరకదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కనుండే డాక్యుమెంట్ రైటర్ షాపునే తీసుకుందాం. సేల్ డీడ్ మొదటి పేజీ నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద పడాలి, తర్వాతి పేజీలు మామూలు కాగితం మీద. పార్టీలు చదివి తప్పులు చెప్పడానికి తీసే చిత్తు ప్రతి పక్కనున్న పాత ప్రింటర్లోంచి వచ్చినా చాలు. స్టాంపు పేపరు పైభాగమంతా ముద్రే కాబట్టి అసలు విషయం దాని కింద మొదలవ్వాలి. అందుకే టెంప్లేట్‌లో తొలి పేజీ పైన బారెడు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ యాడ్‌ఇన్ వదిలితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ కాగితం కోసం వదిలిందో ఆ కాగితం ఉన్న ట్రేకు పంపితే మాత్రం హద్దు మీరినట్టట! చిత్తు ప్రతి పొరపాటున స్టాంపు పేపరు మీద పడితే, 1899 నాటి భారతీయ స్టాంపుల చట్టంలో పాడైన స్టాంపుల సొమ్ము వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉన్న మాట నిజమే. కానీ దరఖాస్తు రాసుకుని, గడువు చూసుకుని కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక రిజిస్ట్రేషన్ రోజున ఎవరికుంటుంది? 'ప్రింటర్ చూసుకోవద్దా' అని ఆపరేటర్ మీద కేకలేస్తారు, అంతే.

న్యాయవాదుల ఆఫీసుల్లోనూ ఇదే తంతు. లీగల్ సైజు కాగితానికి అలవాటు పడిన చోట, 2020 ఏప్రిల్ 1 నుంచి ఎ4 కాగితం వాడాలని సుప్రీంకోర్టు సర్క్యులర్ ఇచ్చింది. కాగితం 75 జీఎస్‌ఎమ్‌కు తగ్గకూడదు, రెండు వైపులా అచ్చేయాలి, టైమ్స్ న్యూ రోమన్ 14 సైజులో ఉండాలి, ఎడమా కుడీ నాలుగేసి సెంటీమీటర్ల మార్జిన్ వదలాలి. ఇవన్నీ ఒకే ఉత్తర్వులోని షరతులు. ఫాంటు, మార్జిన్ యాడ్‌ఇన్ చూసుకోవాలట. కాగితం, రెండు వైపుల అచ్చు మాత్రం గుమాస్తా చూసుకోవాలట. కోర్టుకు లేని ఈ గీత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఎందుకు గీశారు?

వాడేవారి స్వేచ్ఛ కోసం అంటారు. ఆ స్వేచ్ఛ ఏపాటిదో విండోస్‌నే అడగొచ్చు. 2015 నవంబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే సెట్టింగ్ ఒకటి చేరింది. అది ఆన్‌లో ఉంటే, ఆ చోట చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. ఉదయం ఒకరు లేబుల్ ప్రింటర్ మీద చిరునామాలు తీస్తే, మధ్యాహ్నం ఉత్తరం కూడా అటే పోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంత చొరవ తీసుకుంటే సౌకర్యం, దస్తావేజు గురించి అన్నీ తెలిసిన యాడ్‌ఇన్ తీసుకుంటే అపచారం!

అయితే ఈ నిషేధం గాలిలోంచి పుట్టలేదు. దాని వెనక నిజమైన కష్టం ఉంది, అది చెప్పకపోతే ఎదుటివారికి అన్యాయం చేసినట్టే. వర్డ్ మాక్రోలలో యాక్టివ్‌ప్రింటర్ అనే ప్రాపర్టీ ఉంది. ఏ ప్రింటర్ కావాలో దానికి చెబితే వర్డ్ అటు తిరుగుతుంది. చిక్కేమిటంటే, వర్డ్ ఒక్కటే తిరగదు. ఆ మనిషి విండోస్ డిఫాల్ట్ ప్రింటరే మారిపోతుంది. కవరు మీద చిరునామా అచ్చేద్దామని యాడ్‌ఇన్ ప్రింటర్ మార్చి, మధ్యలో ఏదో లోపం వచ్చి ఆగిపోయిందనుకోండి, ఆ పూట ఎక్సెల్ బిల్లులూ బ్రౌజర్లోని టికెట్లూ అన్నీ కవర్లున్న ట్రేలోకే పోతాయి. ఇలాంటివి చూసినవాళ్లు ప్రింటర్ జోలి వద్దనుకోవడంలో వింత లేదు.

వింతల్లా ఇంకోటి: మనిషి వర్డ్‌లోని ప్రింట్ పేజీలోకి వెళ్లి ఇంకో ప్రింటర్ ఎంచుకుంటే విండోస్ డిఫాల్ట్ చెక్కు చెదరదు. అదే పని కోడ్ చేస్తే చెదురుతుంది. అంటే ఎంపికను వర్డ్ వరకే పరిమితం చేయడం మైక్రోసాఫ్ట్‌కు తెలుసు. తాళం కూడా ఇంట్లోనే ఉంది. వర్డ్ 97తో వీబీఏ వచ్చాక మూలన పడ్డ పాత వర్డ్‌బేసిక్‌లో ఫైల్‌ప్రింట్‌సెటప్ అనే ఆదేశం ఉంది. దానికి ప్రింటర్ పేరుతో పాటు డునాట్‌సెట్‌యాజ్‌సిస్‌డిఫాల్ట్ అనే గుర్తు పెడితే, వర్డ్ ప్రింటర్ మారుతుంది, విండోస్‌ది మారదు. పేరు పలకడానికి ఊపిరి చాలదు గానీ పని మాత్రం సరిగ్గా చేస్తుంది. పాతికేళ్లు దాటినా ఈ సౌకర్యాన్ని ముందు గదిలోకి తీసుకురాలేదు. తప్పు అక్కడుంటే శిక్ష యాడ్‌ఇన్‌కు వేశారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

పక్కింట్లో చూసినా సంగతి తెలుస్తుంది. ఎక్సెల్‌లో ప్రింట్‌అవుట్ ఆదేశానికి ప్రింటర్ పేరు నేరుగా ఇవ్వొచ్చు. వర్డ్‌లోని ప్రింట్‌అవుట్‌కు బోలెడు ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి. కాపీలెన్ని, ఏ పేజీలు, ఎంత జూమ్ అన్నీ అడుగుతుంది. ప్రింటర్ పేరుతో ఉన్నది ఒక్కటే, అదీ మాకింటోష్ ఎడిషన్‌కు మాత్రమే పనికొచ్చేది. లిబ్రేఆఫీస్ ఇంకాస్త ముందుకెళ్లి ప్రింటర్ సెట్టింగులను డాక్యుమెంట్‌తో పాటే దాచుకోగలదు, వాటిని తెరిచేటప్పుడు లోడ్ చేయాలా వద్దా అన్నది ఆప్షన్స్‌లో పెట్టింది. దాని ప్రోగ్రామింగ్ పద్ధతిలో సెట్‌ప్రింటర్ ఉన్నది కూడా డాక్యుమెంట్‌కే. అంతకు చాలా ముందు, 1989లో వచ్చిన వర్డ్‌పర్ఫెక్ట్ 5.1 కూడా ఎంచుకున్న ప్రింటర్‌ను ఫైలుతో పాటు గుర్తుపెట్టుకునేది. ప్రింటర్ డాక్యుమెంట్‌కు సంబంధించిన విషయమేనన్నది కొత్తగా ఎవరో లేవదీసిన వాదం కాదు.

పేర్ల సంగతేమిటని అడిగేవారున్నారు. ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో పేరు, సర్వర్ మారితే ఇంకో పేరు. రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే పేరు చివర రీడైరెక్టెడ్ అని, పక్కన సెషన్ నంబరు కూడా తగులుకుంటుంది. రేపటికి ఆ నంబరు మారుతుంది. కోడ్‌లో పేరు రాసిపెడితే తెల్లారేసరికి చెల్లదు. నిజమే, కానీ దీన్నిబట్టి తేలేది పేరు రాసిపెట్టకూడదనే. లెటర్‌హెడ్, స్టాంపు పేపరు, చిత్తు అని ప్రయోజనాలకు పేర్లు పెట్టి, ఏ కంప్యూటర్‌లో ఏ ప్రయోజనానికి ఏ ప్రింటరో ఆ ఆఫీసువాళ్ల చేతే ఒకసారి చెప్పించుకుంటే సరిపోతుంది. వాడేవారి ఇష్టం అంటూ గౌరవించాల్సిన చోటు అదే. రోజుకు యాభైసార్లు జాబితాలో వెతికించడం ఇష్టాన్ని గౌరవించడం ఎలా అవుతుంది?

ట్రేల విషయంలో మాత్రం వ్యతిరేకుల భయం ఇంకా సమంజసం, ఎందుకంటే ఇక్కడ తప్పులు బయటికి కనపడవు. వర్డ్ పేజ్ సెటప్‌లో తొలి పేజీకి ఒక ట్రే, మిగతా పేజీలకు ఒక ట్రే పెట్టుకోవచ్చు. లోపల అవన్నీ అంకెలే. విండోస్ కొన్ని అంకెలు ఖాయం చేసింది: 1 పై ట్రే, 2 కింది ట్రే, 4 చేత్తో పెట్టేది. 256 నుంచి ప్రింటర్ తయారీదారుల సొంత రాజ్యం. ఒక డ్రైవర్‌లో రెండో ట్రేకున్న అంకె ఇంకో డ్రైవర్‌లో మరో ట్రేది కావొచ్చు, అసలు లేకనూపోవచ్చు. కాబట్టి ముందు ప్రింటర్ మార్చాలి, ఆ తర్వాతే ఆ ప్రింటర్ అంకెలతో ట్రేలు పెట్టాలి. బ్యాక్‌గ్రౌండ్ ప్రింటింగ్ ఆపి, అచ్చు పంపడం పూర్తయ్యాకే పాత ప్రింటర్‌కు తిరిగి రావాలి; లేకపోతే పని సగంలో ఉండగానే కాళ్ల కింద ప్రింటర్ మారిపోతుంది. పేజీ అమరికకు కూడా వర్డ్ ప్రింటర్ డ్రైవర్‌ను సంప్రదిస్తుంది కాబట్టి, యంత్రం మారితే పేజీ చివరి పంక్తి తర్వాతి పేజీలోకి జారే అవకాశమూ ఉంది. ప్రతి పేజీ అడుగున సంతకం చేసే దస్తావేజుకు అది చిన్న విషయం కాదు. ఇన్ని మెలికలున్న పనిని కోడ్ రాయడం వచ్చినవాళ్లు కష్టమని వదిలేసి, టైపింగ్ మాత్రమే వచ్చిన కుర్రాడికి అప్పజెప్పడమే మంచి డిజైన్ అంటే ఎలా నమ్మడం?

చివరిగా భద్రత. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం విండోస్ ప్రింట్ స్పూలర్‌లో బయటపడి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ ఆగస్టు నుంచి ప్రింటర్ డ్రైవర్లు ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలని మైక్రోసాఫ్ట్ బిగించింది. సరైన పనే. కానీ కొత్త డ్రైవర్ ఎక్కించడం వేరు, అప్పటికే ఎక్కివున్న ప్రింటర్లలో ఒకదాన్ని ఎంచుకోవడం వేరు. వెబ్ పద్ధతిలో నడిచే కొత్త తరం యాడ్‌ఇన్‌ల విషయంలో జాగ్రత్త తప్పదు: ఎక్కడో సర్వర్ మీదున్న కోడ్‌కు ఆఫీసులోని ప్రింటర్ల జాబితా ఊరికే చూపించకూడదు. దానికి మందు అనుమతి అడగడం. కెమెరా, మైకు వాడుకోవడానికి వెబ్ పేజీలు అలాగే అడుగుతున్నాయి. వాటికి లేని పట్టింపు కాగితం ట్రేకు ఎందుకు?

ఆఫీసుకు వర్డ్ యాడ్‌ఇన్ చేయించుకునేవాళ్లు డబ్బు కట్టేముందు తయారీదారును ఒక మాట అడగండి: లెటర్‌హెడ్ ఉత్తరం, చిత్తు ప్రతి, కవరు వేర్వేరు చోట్లకు వాటంతటవే పోతాయా, మధ్యలో పని ఆగిపోతే మా డిఫాల్ట్ ప్రింటర్ మాకు మిగులుతుందా అని. 'అది యూజర్ చూసుకోవాలండీ' అని జవాబొస్తే, ఆ యాడ్‌ఇన్ ఇంకా పూర్తి కానట్టే లెక్క.