చలికాలం లేని ఊళ్ళో కరెంటు బిల్లు

ప్రతి డిసెంబరులోనూ మన సభ్యుల ఇళ్ళలో ఒక మాట వినబడుతుంది. లండన్ నుంచో, న్యూజెర్సీ నుంచో బంధువు ఫోన్ చేసి ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి అవుతున్న ఖర్చు చెప్పుకుని బాధపడతాడు. ఫోన్ పెట్టేశాక మనం, "పోనీలే, మనకా బెడద లేదు, సింగపూరులో చలికాలమే లేదు కదా" అనుకుని తృప్తి పడతాం. ఆ తృప్తి మీదనే మాకు అభ్యంతరం. అది కడుపు నిండిన బేరం. ఎందుకు అలా అంటున్నామో సభ్యులు ఓపికగా చదవాలని మనవి.

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ గరిష్ఠ ధరలు నిర్ణయిస్తుంది. ఆ ధరల ప్రకారం సాధారణ వాడకం ఉన్న కుటుంబానికి గ్యాసు, కరెంటు కలిపి ఏడాది బిల్లు 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. ఏడాది తిరిగేసరికి అది 3,549 పౌండ్లు కావలసి ఉండగా ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర నిలిపింది. నిలిపినా దాదాపు రెట్టింపే. బాకీ పడ్డ ఎన్నో ఇళ్ళలో, ముందుగా డబ్బు కడితేనే పనిచేసే మీటర్లను కోర్టు వారంట్లు తెచ్చి మరీ బిగించారు. గగ్గోలు లేచాక 2023 ఫిబ్రవరిలో ఆ బలవంతం ఆపించారు. ఇటువంటి మీటరులో ఒక మర్మం ఉంది. కరెంటు కత్తిరించడానికి ఎవరూ రానక్కరలేదు. డబ్బు అయిపోగానే అదే ఆగిపోతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు వణికారో ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సింగపూరు కరెంటులో నూటికి 95 పాళ్ళు సహజవాయువుతో తయారవుతుంది. ఆ వాయువు కొంత మలేషియా, ఇండోనీషియాల నుంచి గొట్టాల ద్వారా, మిగిలినది ద్రవరూపంలో ఓడల మీద వస్తుంది. చలికి గ్యాసు కాల్చే దేశం అది, ఉక్కకు గ్యాసు కాల్చే దేశం ఇది. మంట ఒక్కటే. అందుకే 2021లో ప్రపంచమంతటా గ్యాసు ధర లేచినప్పుడు ఇక్కడ కరెంటు అమ్మే చిల్లర కంపెనీలు కొన్ని నష్టం భరించలేక దుకాణం కట్టేశాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పడింది. ఇళ్ళకు నిర్ణయించిన ధర 2020 జూలైలో యూనిట్‌కు 19.60 సెంట్లు, 2022 జూలైలో 30.17 సెంట్లు. అంటే రెండేళ్ళలో సగానికి పైగా పెరిగింది. దాని మీద జీఎస్‌టీ 2023లో 7 నుంచి 8 శాతానికి, 2024లో 9 శాతానికి పెరిగింది. ఆ తర్వాత యూనిట్ ధర కొంత దిగినా 2020 నాటి మెట్టుకు మళ్ళీ రాలేదు.

"ఏసీ విలాసం కదా, వేసుకోలేనివాళ్ళు మానేస్తే సరి" అనే వాదన ఒకటి మన మధ్యనే వినిపిస్తుంది. ఈ దేశాన్ని నిర్మించిన లీ క్వాన్ యూ అలా అనుకోలేదు. తాను ప్రధాని కాగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి ప్రభుత్వ కార్యాలయాలకు ఏసీలు పెట్టించడమని, ఏసీ లేకపోతే ఉష్ణమండలంలో ఈ అభివృద్ధి సాధ్యమయ్యేది కాదని ఆయనే చెప్పారు. గుమాస్తా పగలు పనిచేయడానికి చల్లదనం అవసరమైతే, అదే గుమాస్తా తల్లి మధ్యాహ్నం నిద్రపోవడానికి అది విలాసం ఎలా అవుతుంది? 1983 ఏప్రిల్‌లో తెంగాలో నమోదైన 37 డిగ్రీలే ఈ ద్వీపపు రికార్డు. నలభై ఏళ్ళ తర్వాత, 2023 మే 13న, ఆంగ్ మో కియోలో మళ్ళీ అదే అంకె వచ్చింది. మన రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవాళ్ళకు 37 లెక్కలోది కాకపోవచ్చు. కాని అక్కడ రాత్రికి గాలి తిరుగుతుంది. ఇక్కడి తేమలో చెమట ఆరదు, రాత్రి కూడా ఒంటికి తెరిపి ఉండదు. పడమటి ఎండ పడే ఫ్లాటులో పడుకున్నవారికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

లెక్క వేసి చూద్దాం. ఒక గది ఏసీ గంటకు ముప్పావు యూనిట్ కాలుస్తుందనుకుంటే రాత్రి ఎనిమిది గంటలకు ఆరు యూనిట్లు. యూనిట్ 30 సెంట్ల చొప్పున 1 డాలరు 80 సెంట్లు, నెలకు 54 డాలర్లు. అదే సీలింగు ఫ్యానయితే నెలకు ఐదు డాలర్లు. మనలో చాలామందికి ఆ 54 డాలర్లు సెరంగూన్ రోడ్డులో కుటుంబమంతా ఒక పూట చేసే భోజనం. అద్దె గదిలో ఉంటూ ఊళ్ళో అప్పు తీరుస్తున్న కుర్రవాడికి అది నెల మధ్యలో తెగిపోయే దారం. ఇద్దరికీ బిల్లు ఒక్కలాగే వస్తుంది. ఇద్దరి బాధనూ "కరెంటు మండిపోతోందండీ" అన్న ఒకే మాటలో కలిపేసి మనం దీపావళి పార్టీల్లో మాట్లాడుకుంటాం. మన బిల్లు మనకు చికాకు, వాళ్ళ బిల్లు వాళ్ళకు నిద్ర. ఈ తేడా ముందు ఒప్పుకోవాలి.

తప్పు ఎక్కడో ప్రభుత్వంలో వెతకడానికి ముందు మన గుమ్మం లోపల చూసుకుందాం. మన తెలుగు ఇళ్ళలో గది అద్దెకిచ్చే ప్రకటనలు చదవండి. శాకాహారులు మాత్రమే, వంట స్వల్పంగా, ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు వరకు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకునే నర్సు, డేటా సెంటరులో షిఫ్టు చేసే ఇంజనీరు ఈ టైముపట్టికలో ఎక్కడ నిద్రపోవాలి? అద్దె పూర్తిగా తీసుకుంటాం, నిద్ర మాత్రం సగమే ఇస్తాం. ఆ గదిలో ఉన్నది మన జిల్లా పిల్లే అని తెలిసినా రిమోటు దాచిపెట్టిన ఇళ్ళున్నాయి.

ఇక మన పెద్దవాళ్ళు. ఊరి నుంచి విజిట్ పాసు మీద వచ్చిన అమ్మ, మామయ్య పగలంతా ఇంట్లో ఉంటారు. మనం ఆఫీసులో పద్దెనిమిది మంది పనిచేసే హాలులో స్వెట్టరు వేసుకుని కూర్చుంటాం. మనం గడప దాటగానే అమ్మ ఏసీ కట్టేస్తుంది. అడిగితే, "ఒక్కదాన్నే కదరా, నా ఒక్కదానికీ అంత ఖర్చెందుకు?" అంటుంది. ఆమెకు ఆ సంగతి ఎవరు నేర్పారు? నెల బిల్లు వచ్చిన రాత్రి భోజనాల దగ్గర మనం చదివిన అంకె ఆమె విన్నది. మనం ఆమెను ఏమీ అనలేదు, నిజమే. అనకుండానే అన్నాం. వృద్ధుల శరీరం వేడిని తట్టుకోలేదని, దాహం కూడా వాళ్ళకు సరిగా తెలియదని మనలో ఉన్న డాక్టర్లకు మేము చెప్పాలా?

పనిమనిషి గది సంగతి ఎత్తితే కొందరికి కోపం వస్తుంది. అయినా ఎత్తుతాం. ఇంట్లో ఉండి పనిచేసే మనిషికి గాలి వచ్చే చోటు ఇవ్వాలి, గాలి చాలకపోతే ఫ్యాను పెట్టాలి అని ఇక్కడి కార్మిక శాఖ నియమం. నియమం ఫ్యాను దగ్గర ఆగిపోయింది. మన మర్యాద కూడా అక్కడే ఆగాలా? కిటికీ లేని బాంబు షెల్టరు గదిలో పడుకుని పొద్దున ఐదింటికి లేచి మన పిల్లలకు క్యారేజీ కట్టే మనిషి ఈ ఇంటి లెక్కలో మనిషా, కాదా?

ఇప్పుడు ప్రభుత్వం మాట. ఇక్కడి విధానం ఇది: యూనిట్ ధర అసలు ఖర్చును చూపాలి, సాయం విడిగా ఇవ్వాలి. ఆ ప్రకారమే యూ-సేవ్ రిబేటు ఉంది. హెచ్‌డీబీ ఫ్లాటుల్లో ఉండే పౌరుల కుటుంబాలకు మూడు నెలలకోసారి బిల్లులో తగ్గుతుంది, చిన్న ఫ్లాటుకు ఎక్కువ, పెద్ద ఫ్లాటుకు తక్కువ. ఇది మంచి పద్ధతే. మన రాష్ట్రాల్లో ధర తొక్కిపెట్టి పంపిణీ సంస్థలను అప్పుల్లో ముంచిన చరిత్ర చూసినవాళ్ళం, దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కాని ఇంట్లో ఒక్క పౌరుడూ లేకపోతే ఆ రిబేటు లేదు. పర్మనెంటు రెసిడెంటు కుటుంబం, పాసు మీద ఒక్క జీతంతో నలుగురు బతికే కుటుంబం, గది అద్దెకున్న కుర్రవాడు, వీళ్ళంతా పూర్తి ధర కడతారు. ఇక్కడ కూడా బాకీ పడ్డ ఇళ్ళకు ముందు డబ్బు కట్టే మీటర్లు ఉన్నాయి. ఇక్కడ కూడా అవి చప్పుడు లేకుండానే ఆగుతాయి.

మరొక వింత ఉంది. ఈ దేశంలో నీళ్ళకు మెట్ల ధర ఉంది. నెలకు 40 ఘనపు మీటర్లు దాటి వాడితే రేటు పెరుగుతుంది. కరెంటుకు మాత్రం వంద యూనిట్లు వాడినా, రెండు వేలు వాడినా యూనిట్ ధర ఒక్కటే. నీళ్ళలో ఉన్న న్యాయం నిప్పులో ఎందుకు లేదు? మొదటి మెట్టు చౌకగా ఉంచి, నాలుగు గదుల్లోనూ పగలూ రాత్రీ ఏసీ తిప్పే ఇళ్ళకు, అంటే మనకు, పై మెట్టు ధర పెంచమని మేమంటాం. ఒకే మీటరు కింద ఎనిమిది మంది సర్దుకునే ఫ్లాటు పై మెట్టులో పడిపోతుందన్నది నిజమైన అభ్యంతరమే. తలకింత అని లెక్కగట్టి మెట్టు పెడితే అది తీరుతుంది.

"కరెంటు ధర నిపుణుల విషయం, మనకెందుకు?" అనకండి. తెలుగువాళ్ళం ఆ మాట అనగూడదు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పెంచిన కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఆ రాష్ట్రంలో ఏ ప్రభుత్వమూ కరెంటు ధరను ఉత్త అంకెగా చూడలేకపోయింది. 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు, 2024లో తెలంగాణలో తెల్లకార్డు ఇళ్ళకు 200 యూనిట్ల దాకా ఉచితం, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. వాటిలో మంచీ చెడ్డా ఉండవచ్చు. మీటరు వెనక మనిషి ఉన్నాడని మాత్రం మన నేల రక్తం పెట్టి నేర్చుకుంది. విమానం ఎక్కగానే ఆ పాఠం మరిచిపోదామా?

కనుక మేము కోరేవి నాలుగు. గది అద్దెకిచ్చే సభ్యులు ఏసీ గంటల షరతు తీసెయ్యాలి, కావాలంటే వాడినదానికి సరిగ్గా లెక్కగట్టి తీసుకోండి, నిద్రకు మాత్రం గంట కొట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు కరెంటు బిల్లు చదవడం మానెయ్యాలి. పనిమనిషి పడుకునే చోట ఒక రాత్రి మనమే పడుకుని చూసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో నిర్ణయించుకోవాలి. నాలుగవది, బడ్జెట్టుకు ముందు ప్రభుత్వం ఏటా ప్రజల అభిప్రాయం అడుగుతుంది గనుక, మనలో పౌరసత్వం ఉన్నవారు ఈ మెట్ల ధర సంగతి, రిబేటు అందని ఇళ్ళ సంగతి రాసి పంపాలి. ఓటు లేనివారి తరఫున ఓటున్నవారు మాట్లాడకపోతే మరెవరు మాట్లాడతారు?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడానికి చట్టం మారనక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. రేపు పొద్దున ఆఫీసుకు బయలుదేరే ముందు ఏసీ వేసి, రిమోటు అమ్మ చేతిలో పెట్టి, "అమ్మా, ఇది కట్టెయ్యకు" అని చెప్పి వెళ్ళండి. సాయంత్రం వచ్చి ఇల్లు చల్లగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే, మనం చెప్పిన మాట ఆమె ఇంకా నమ్మలేదని అర్థం. నమ్మేదాకా చెప్పవలసిన బాధ్యత మనది.