అమెరికా విమానయాన సంస్థల దివాలాలు, విలీనాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెద్ద విమానయాన సంస్థలు తమ అప్పులను, వేతన ఒప్పందాలను, పింఛను బాధ్యతలను తగ్గించుకొనుటకు దివాలా చట్టాన్ని ఆశ్రయించి, ఆ తరువాత మరొక సంస్థతో విలీనమగుట 1978 తరువాత తరచుగా కనిపించే పరిణామం. 2002 - 2013 మధ్య యునైటెడ్, యు.ఎస్. ఎయిర్‌వేస్, డెల్టా, నార్త్‌వెస్ట్, అమెరికన్ సంస్థలు ఈ దారినే నడిచాయి. తెలుగునాట ఒక వ్యాపారి "ఐ.పి. పెట్టాడు" అంటే దుకాణం మూతపడిందని, ఇక బాకీలు వసూలు కావని అర్థం. అమెరికాలో ఈ సంస్థలు దివాలా పిటిషను వేసిన మరునాడు కూడా విమానాలు ఎగిరాయి, టిక్కెట్లు అమ్ముడయ్యాయి. అక్కడ దివాలా వ్యాపారానికి ముగింపు కాదు, వ్యాపార వ్యూహంలో ఒక భాగం.

నేపథ్యం

ఏ సంస్థ ఏ మార్గంలో విమానాలు నడపాలో, ఎంత ఛార్జీ తీసుకోవాలో 1978 వరకు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఈ నియంత్రణలు దశలవారీగా తొలగిపోయాయి. 1984 చివరికి బోర్డు కూడా రద్దయింది. తక్కువ జీతాలు, తక్కువ ఛార్జీలతో కొత్త సంస్థలు వచ్చాయి. పాత సంస్థలకు మాత్రం నియంత్రణ కాలంలో కుదుర్చుకొన్న వేతనాలు, పింఛన్లు అలాగే మిగిలాయి.

బయలుదేరిన విమానంలోని ఖాళీ సీటును మరునాడు అమ్ముకొనుటకు వీలులేదు. విమానం నిండినా నిండకపోయినా అద్దె, వడ్డీ, జీతం చెల్లించక తప్పదు. అందుచేత ఇంధనం ధర పెరిగినా, మాంద్యం వచ్చినా, 2001 సెప్టెంబరు 11 దాడుల వంటి ఘటన జరిగినా మొదట కుదేలయ్యేది ఈ పరిశ్రమే.

చాప్టర్ 11

కొత్త దివాలా చట్టం కూడా 1978లోనే వచ్చి, 1979 అక్టోబరు నుండి అమలయింది. అందులోని 11వ అధ్యాయం (చాప్టర్ 11) ప్రకారం పిటిషను వేసిన క్షణం నుండి రుణదాతల వసూళ్ళు ఆగిపోతాయి. పాత యాజమాన్యమే కోర్టు పర్యవేక్షణలో సంస్థను నడుపుతుంది. భారమనిపించిన ఒప్పందాలను కోర్టు అనుమతితో వదిలించుకొనవచ్చును. హామీ లేని అప్పులు ఇచ్చినవారికి నగదుకు బదులు కొత్త సంస్థలో వాటాలు దక్కుతాయి. పాత వాటాలు సాధారణంగా చిత్తుకాగితాలే.

విమానాలు అద్దెకిచ్చినవారికి ఈ చట్టంలో ప్రత్యేక రక్షణ ఉంది. సంస్థ 60 రోజులలోగా బకాయి తీర్చి ఒప్పందాన్ని కొనసాగిస్తామని అంగీకరించకపోతే, వారు విమానాన్ని వెనక్కు తీసుకొనవచ్చును. అయితే పరిశ్రమ అంతా కష్టంలో ఉన్నపుడు ఆ విమానాన్ని మరెవరూ తీసుకోరు. కనుక "మీ విమానం మీరు తీసుకుపొండి" అన్న బెదిరింపుతోనే సంస్థలు అద్దెలు తగ్గించుకొన్నాయి.

కాంటినెంటల్ ఉదంతం

ఈ చట్టాన్ని కార్మిక ఒప్పందాలపై ఆయుధంగా ప్రయోగించి పేరుమోసినవాడు ఫ్రాంక్ లొరెంజో. ఆయన ఆధ్వర్యంలోని కాంటినెంటల్ సంస్థ 1983 సెప్టెంబరు 24న దివాలా పిటిషను వేసి, సుమారు 12,000 మంది ఉద్యోగులను తొలగించింది. వారిలో సుమారు 4,000 మందిని దాదాపు సగం జీతానికి తిరిగి తీసుకొని, కొద్ది రోజులలోనే విమానాలు నడిపింది. దీనిపై వచ్చిన నిరసనల ఫలితంగా 1984లో కాంగ్రెసు చట్టాన్ని సవరించింది. యాజమాన్యం ముందుగా కార్మిక సంఘంతో చర్చించాలి, తగిన సమాచారం ఇవ్వాలి. సంఘం సరైన కారణం లేకుండా నిరాకరించిందని న్యాయమూర్తి భావిస్తేనే ఒప్పందం రద్దవుతుంది. ఆ విధంగా తలుపు ఇరుకైందే గాని మూతపడలేదు. 2001 తరువాత చాలా సందర్భాలలో తలుపు తీయవలసిన అవసరమే రాలేదు. తీస్తామని చెబితే చాలు, సంఘాలు జీతాల కోతకు ఒప్పుకొన్నాయి.

పింఛన్ల భారం

యునైటెడ్ సంస్థ 2002 డిసెంబరు 9న దివాలా పిటిషను వేసింది. 2005 మే నెలలో షికాగోలోని దివాలా కోర్టు ఆ సంస్థ నాలుగు పింఛను పథకాలను వదిలించుకొనుటకు అనుమతించింది. వాటిని పింఛను హామీ సంస్థ (పి.బి.జి.సి.) స్వీకరించింది. 1974 చట్టంతో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ పన్నుల సొమ్ముతో గాక, కంపెనీలు కట్టే ప్రీమియంలతో నడుస్తుంది. యునైటెడ్ పథకాలలో లోటు సుమారు 980 కోట్ల డాలర్లు. హామీ సంస్థ భరించినది సుమారు 660 కోట్లు. మిగిలిన 320 కోట్లను కోల్పోయినది ఉద్యోగులు, అప్పటికే పదవీ విరమణ చేసినవారు. ఆ పథకాలలో ఉన్నవారు 1,20,000 మందికి పైగా.

హామీ సంస్థ చెల్లింపులకు పరిమితి ఉంది. 2005లో 65వ ఏట విరమించినవారికి అది ఏడాదికి 45,614 డాలర్లు. అంతకు ముందే విరమించినవారికి ఇంకా తక్కువ. పైలట్లు 60వ ఏట విరమించి తీరాలన్నది అప్పటి ప్రభుత్వ నియమం. (ఇది 2007 డిసెంబరులో 65కు పెరిగింది.) ఒక చట్టం వారిని 60వ ఏట ఇంటికి పంపగా, ముందుగా విరమించినందుకు మరొకటి వారి పింఛనును కోసింది. ముప్పై ఏళ్ళు పనిచేసి, ఇక మరొక ఉద్యోగం వెదుక్కోలేని వయసులో ఉన్నవారికి ఈ వ్యూహం తెచ్చిన నష్టం ఏ సంస్థ లాభనష్టాల పట్టికలోను కనిపించదు.

ఒక సంస్థ ఇలా భారం దించుకొంటే పోటీ సంస్థలపై ఒత్తిడి పెరుగుతుంది. డెల్టా, నార్త్‌వెస్ట్ రెండూ 2005 సెప్టెంబరు 14న, ఒకేరోజున, పిటిషన్లు వేశాయి. డెల్టా తన పైలట్ల పథకాన్ని రద్దు చేసింది. నార్త్‌వెస్ట్ తన పథకాలను స్తంభింపజేసి నిలుపుకొంది కనుక అందరూ యునైటెడ్ బాటనే పట్టవలసిన అగత్యం లేదని తెలుస్తున్నది.

విలీనాల వరుస

దివాలా నుండి బయటపడిన సంస్థకు అప్పు తక్కువ, జీతాల ఖర్చు తక్కువ. దాని యజమానులు నిన్నటి రుణదాతలు; వారికి కావలసినది వాటాల ధర త్వరగా పెరుగుట. విలీనానికి ఇంతకంటె అనుకూలమైన సమయం ఉండదు. యు.ఎస్. ఎయిర్‌వేస్ తన రెండవ దివాలా నుండి బయటపడుతూనే 2005లో అమెరికా వెస్ట్‌తో కలిసింది. దివాలాలో ఉన్న డెల్టాను కొనుటకు 2006 నవంబరులో ప్రయత్నించి, రుణదాతల మద్దతు దొరకక 2007 జనవరిలో విరమించింది. డెల్టా 2008లో నార్త్‌వెస్ట్‌ను, యునైటెడ్ 2010లో కాంటినెంటల్‌ను కలుపుకొన్నాయి.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ ఏ.ఎం.ఆర్. 2011 నవంబరు 29న పిటిషను వేసేనాటికి దాని చేతిలో సుమారు 410 కోట్ల డాలర్ల నగదు ఉంది. సొమ్ము అయిపోయి కాదు, పోటీదారులకన్న ఖర్చు ఎక్కువై అది కోర్టుకెక్కింది. 2003లో సంఘాలతో రాజీపడి దివాలా తప్పించుకొన్నందుకు చెల్లించిన మూల్యం అది. యాజమాన్యం ఒంటరిగానే బయటపడాలనుకొంది. అయితే యు.ఎస్. ఎయిర్‌వేస్ అధిపతి డగ్ పార్కర్ 2012 ఏప్రిల్‌లో అమెరికన్ కార్మిక సంఘాలతోనే నేరుగా ఒప్పందాలు చేసుకొని విలీనానికి దారి వేశాడు. యాజమాన్యం రద్దు చేయదలచిన పింఛను పథకాలు, హామీ సంస్థ అభ్యంతరంతో, స్తంభింపజేయుటతో సరిపోయింది. 2013 ఆగస్టులో న్యాయశాఖ విలీనంపై దావా వేసినా, వాషింగ్టన్, న్యూయార్క్ వంటి చోట్ల విమానాల వేళలను కొన్నింటిని వదులుకొను షరతుపై నవంబరులో రాజీ కుదిరింది. డిసెంబరు 9న విలీనం పూర్తయింది. పాత వాటాదారులకు కూడా ఎంతో కొంత దక్కుట దివాలాలలో అరుదైన విషయం. అప్పు ఇచ్చినవారు, వాటాదారులు ఇంత బాగా బయటపడిన చోట ఉద్యోగులకు కోత ఎంతవరకు అవసరమైందన్న ప్రశ్న సమంజసమే.

దీనితో అమెరికన్, డెల్టా, యునైటెడ్, సౌత్‌వెస్ట్ సంస్థల చేతికి దేశీయ ప్రయాణాలలో సుమారు 80 శాతం వచ్చింది. (సౌత్‌వెస్ట్ ఎన్నడూ దివాలా తీయలేదు.) సెయింట్ లూయిస్, మెంఫిస్, క్లీవ్‌లాండ్ నగరాలు విమాన కూడళ్ళుగా తమ స్థానాన్ని కోల్పోయాయి.

ఆ తరువాత

ఈ మార్గం అందరినీ గట్టెక్కించలేదు. ఈస్టర్న్, పాన్ యామ్ సంస్థలు దివాలాలో ఉండగానే 1991లో మూతపడ్డాయి. స్పిరిట్ సంస్థను జెట్‌బ్లూ కొనుటను 2024 జనవరి 16న బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి విలియమ్ యంగ్ అడ్డుకొన్నాడు. తక్కువ ఛార్జీల పోటీ పోతుందన్నది కారణం. స్పిరిట్ అదే ఏడాది నవంబరులో దివాలా పిటిషను వేసి, 2025 మార్చిలో బయటపడి, ఆగస్టులో మరల వేసింది. మొదటిసారి అప్పును వాటాలుగా మార్చుకొన్నదే తప్ప ఖర్చులను తగినంత తగ్గించుకోలేదు.

భారతదేశంలో 2016 నాటి దివాలా స్మృతి ప్రకారం పిటిషను స్వీకరించగానే పాలకమండలి అధికారాలు పరిష్కార నిపుణుని చేతికి పోతాయి. 2019 ఏప్రిల్‌లో ఆగిపోయిన జెట్ ఎయిర్‌వేస్ మరల వాణిజ్య సర్వీసులు నడపలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాని ఆస్తుల విక్రయానికి ఆదేశించింది. గో ఫస్ట్ 2023 మే నెలలో తానే పిటిషను వేసి, విమానాలను అద్దెకిచ్చినవారు తీసుకుపోకుండా కొంతకాలం ఆపగలిగింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విమానాలను ఆ రక్షణ నుండి మినహాయించింది.