వెనుక నడిచేవాడు

మా అక్కయ్య కొడుకు యోగా మాస్టారు. ఈ మాట చెబితే మా చుట్టాలలో సగంమంది "అది సరేనయ్యా, ఉద్యోగమేమిటీ?" అని అడుగుతారు. ఉద్యోగం అదేనని నమ్మడానికి అక్కయ్యకే ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు వాడి దగ్గర పొద్దున్న నలభైమంది, సాయంత్రం పాతికమంది నేర్చుకుంటున్నారు. నడుంనొప్పి గుమాస్తాలు, మోకాళ్ళనొప్పి అత్తగార్లు, పరీక్షల బెంగ పట్టుకున్న పిల్లలు – అందరూ వాడి శిష్యులే.

ఇల్లు కుదుటపడిందనుకుంటున్న వేళ వాడు కొత్త కబురు తెచ్చాడు. హిమాలయాలలో యోగా శిబిరాలు పెడతాడట! పదిహేనుమందిని వెంటబెట్టుకుని లడాఖ్ పోతాడట. పొద్దున్న ఆసనాలు, పగలు కొండనడక, సాయంత్రం ధ్యానం. అప్పటికే పదకొండుమంది డబ్బు కట్టారు. ఆ డబ్బులో సగం బసకీ బండ్లకీ బయానా ఇచ్చేశాడు. మిగతా ఖర్చుకి తల్లి గాజులు అడిగాడు.

అక్కయ్య నాకు ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, గాజులమాట దేవుడెరుగు. పదిమంది ప్రాణాలు వెంటేసుకుని పోతానంటున్నాడురా. వాడికి చాతనవుతుందంటావా?"

నాకేం తెలుసు? నేనెక్కిన కొండల్లో పెద్దది తిరుమల, అదీ బస్సులో. అంచేత వాణ్ణి పిలిచి, "ముందు మమ్మల్ని ఎక్కడికైనా తీసుకుపోయి చూపించరా. చూసింతర్వాత గాజులమాట మాట్లాడదాం" అన్నాను. మా ఆవిడ పుట్టిల్లు భద్రాచలం గనుక పర్ణశాల అని ఖాయమైంది. ఇల్లాళ్ళూ, పిల్లలూ, నేనూ, మా బావమరిదీ కలిసి పన్నెండుమందిమి తేలాం. మా బావమరిది సైన్యంలో డాక్టరుగా చేసి రిటైరైనవాడు. లేలో రెండేళ్ళు ఉండి వచ్చాడు. ఆ సంగతి మా మేనల్లుడికి తెలియదు. ఆయన తనంతట తాను చెప్పుకునే మనిషి కాదు.

భద్రాచలానికి 35 కిలోమీటర్లలో గోదావరి ఒడ్డున ఉంది పర్ణశాల. పంచవటి తమదేనని నాసిక్‌వాళ్ళంటే అననివ్వండి. ఇక్కడి జనానికి సీతమ్మ కాపురం చేసింది ఇక్కడే. సీతవాగు ఒడ్డున రాళ్ళమీది పసుపూ ఎరుపూ చారలు చూపించి, ఆవిడ చీర ఆరేసిన జాడలంటారు. ఏటికవతల గుట్ట చూపించి, రావణుడు రథం నిలిపింది అక్కడేనంటారు.

తెల్లవారుజామున గోదావరి ఇసుకలో వాడు మాచేత ఆసనాలు వేయించాడు. నిజం చెప్పాలి, వాడు చాలా మంచి మాస్టారు. ఒక్కొక్కళ్ళ దగ్గరకీ వచ్చి, ఎక్కడ పట్టేసిందో అడిగి, దిండు పెట్టాల్సినచోట దిండు పెట్టాడు. నా నడుం పదేళ్ళ తర్వాత మొదటిసారి నామాట విన్నది. 'గాజులు ఇప్పించవచ్చు' అనుకున్నాను.

ఆ తర్వాత కొండనడక. ఆ దాపుల అడవిలో ఒక గుట్ట ఉంది. మరీ పెద్దదేం కాదు. వాడు ముందు నడిచాడు. పదినిమిషాలు అందరం కలిసే ఉన్నాం. మరో పదినిమిషాలకి పిల్లలు వాడితో పోయారు. మగవాళ్ళం మధ్యలో ఎక్కడో పడ్డాం. పైనుంచి వాడి కేక వినిపిస్తోంది – "రండి మావయ్యా, ఇక్కణ్ణుంచి గోదావరి ఎంత బాగుందో!" నిజంగానే బాగుంది. అందరం చూసి, ఫోటోలు దిగి, లెక్కపెట్టుకుంటే పదకొండుమందిమే ఉన్నాం. మా ఆవిడ లేదు.

ఆ తర్వాతి నలభై నిమిషాలు ఎలా గడిచాయో రాయలేను. పిలిచాం, అరిచాం. వాడు రెండుసార్లు గుట్ట దిగి ఎక్కాడు. మొహం తెల్లగా పాలిపోయింది. చివరికి కింద చెట్లసందులోంచి ఇప్పపువ్వు ఏరుకునే కోయ ఆవిడొకతె మా ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ రోజు శనివారం, మా ఆవిడకి ఒంటిపూట. పొద్దుటినుంచీ మంచినీళ్ళయినా సరిగా తాగలేదు. కళ్ళు తిరిగి కూర్చుండిపోయి, లేచింతర్వాత మేకలదారి పట్టుకుని పక్కకు పోయింది. కోయ ఆవిడ తన ఆనపకాయ బుర్రలోని నీళ్ళు తాగించి, నీడన కూర్చోబెట్టి, తీసుకొచ్చింది. మమ్మల్నందరినీ ఒకసారి చూసి ఒకేమాట అడిగింది – "ఈయమ్మ ఎనకాల ఎవురూ లేరా?"

ఎవరం జవాబు చెప్పలేదు.

మధ్యాహ్నం పర్ణశాలలో బొమ్మల దగ్గర చేరాం. మా మేనల్లుడు అన్నం ముట్టలేదు. కాస్సేపటికి తనే మొదలుపెట్టాడు. "అత్తయ్య నీళ్ళు తాగలేదని నేను అడగలేదు, తప్పే. కానీ లడాఖ్‌కి వచ్చేవాళ్ళు వయసులో ఉన్నవాళ్ళు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. వాళ్ళచేత ప్రాణాయామం కూడా చేయిస్తున్నాను."

అప్పుడు నోరు విప్పాడు మా బావమరిది. "భద్రాచలం సముద్రమట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తున ఉంది. లే 3,500 మీటర్లు. 5,500కు పోతే గాలి ఒత్తిడి ఇక్కడిదానిలో సగం. ఆ పలచని గాలికి ఒళ్ళు అలవాటుపడడానికి రోజులు పడుతుందోయ్. నీ ప్రాణాయామం మనసుకీ ఛాతీకీ మంచిదే, కానీ ఆ రోజులను అది తగ్గించలేదు. కండబలమూ తగ్గించలేదు. కుర్రాళ్ళు ఉషారుకొద్దీ తొందరగా ఎక్కి, ముందు వాళ్ళే పడుకుంటారు."

మరి ఏం చెయ్యాలని వాడడిగితే వేళ్ళమీద లెక్కపెట్టాడు. విమానం దిగినవాళ్ళు మొదటి రెండురోజులూ విశ్రాంతిగా ఉండాలి. 3,000 మీటర్లు దాటాక, ఏ రాత్రి పడక కూడా కిందటి రాత్రి పడకకంటే 500 మీటర్లు మించి పైన ఉండకూడదు. మూడునాలుగు రోజులకొకసారి ఎక్కడం మానాలి. తలనొప్పీ వాంతీ ఉన్నవాణ్ణి పైకి తీసుకుపోకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగు తడబడుతున్నా మరుక్షణం కిందికి దించాలి, అర్ధరాత్రయినా సరే.

"మరి పిల్లలు ఎవరెస్టు ఎక్కారు కదండీ డాక్టరుగారూ!" అన్నాడు వాడు. "ఈ చర్ల మండలం కలేరు పిల్లవాడే, ఆనంద్!"

నిజమే. 2014 మే 25న సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కారు. ఆ పిల్లకి 13 ఏళ్ళ 11 నెలలు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆనంద్ తండ్రి సైకిళ్ళు బాగుచేసుకుని బతికే మనిషి. నేపాల్ వైపు 16 ఏళ్ళు నిండనివాళ్ళని ఎక్కనివ్వరు గనుక టిబెట్ వైపునుంచి పోయారు.

"ఎక్కారు, ఎలా ఎక్కారు?" అన్నాడు బావమరిది. "మొదట భువనగిరి బండమీద వందమందికి పైగా పిల్లలు. వాళ్ళల్లోంచి ఏరినవాళ్ళకి డార్జిలింగ్‌లో శిక్షణ. మళ్ళీ ఏరి, చలికాలంలో లడాఖ్. అందరిలోకీ చివరికి ఇద్దరు. తర్ఫీదిచ్చిన శేఖర్‌బాబు తాను 2007లోనే ఎవరెస్టు ఎక్కినవాడు. ఇంత జరిగాక పంపారోయ్ ఆ పిల్లల్ని. నువ్వు రేపు తీసుకుపోయే పదకొండుమందీ ఏ బండ ఎక్కారు?"

వాడు తల వంచుకున్నాడు. బావమరిది ఇంకొక్కమాట చెప్పాడు. 1996 మే 10న ఎవరెస్టుమీద రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ అనే ఇద్దరు మహా అనుభవజ్ఞులు డబ్బు కట్టినవాళ్ళని పైకి తీసుకుపోయారు. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నవాళ్ళు అక్కణ్ణుంచి తిరిగిపోవాలన్న మాట నిలవలేదు. రెండు దాటాక కూడా ఎక్కుతూనే ఉన్నారు. దిగేవేళకి తుఫాను కొట్టింది. మొత్తం ఎనిమిదిమంది పోయారు, ఆ నాయకులిద్దరూ వాళ్ళల్లోనే.

అందరం మౌనంగా ఉన్నాం. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న మా ఆవిడ, ఎదురుగా ఉన్న లేడిబొమ్మకేసి చూస్తూ అంది. "నాయనా, అడవిలో ముందు రాముడు, నడుమ సీత, వెనక లక్ష్మణుడు నడిచారు. వెనక లక్ష్మణుడు ఉన్నన్నాళ్ళూ సీత పోలేదు. లేడి కనిపించాక కదా ఇద్దరూ ఆవిణ్ణి వదిలి వెళ్ళింది! నీ శిఖరమూ అలాంటి లేడే. మమ్మల్ని కొండకు తీసుకుపోదలిస్తే వెనక నడవడం నేర్చుకో. ముందు నడవడం పిల్లలకీ వచ్చు."

నలభయ్యేళ్ళ కాపురంలో ఆవిడ ఇంత పెద్ద ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. ఎవరి ఎదట ఇవ్వాలో వాళ్ళ ఎదటే ఇస్తుంది కాబోలు.

ఇది జరిగి రెండు నెలలయింది. వాడు పదకొండుమందికీ కబురు పెట్టి శిబిరం ఈ ఏడు లేదన్నాడు. ఇద్దరు నానామాటలూ అన్నారు. మిగిలినవాళ్ళు డబ్బు తిరిగిస్తే చాలన్నారు. ఇచ్చిన బయానా వెనక్కి రాలేదు. పర్వతారోహణ నేర్పే సంస్థలో 28 రోజుల ప్రాథమిక శిక్షణకు దరఖాస్తు పెట్టాడు. అది అయ్యాక రెండేళ్ళపాటు, అనుభవమున్న నాయకుల కింద మూటలు మోస్తూ వెనక నడుస్తాడట. ఆ తర్వాతే తన శిబిరం.

అక్కయ్య గాజులమాట అడుగుతారేమో. అవి తాకట్టుకే పోయాయి, ఆ పదకొండుమందికీ డబ్బు తిరిగివ్వడానికి. "కొండకు పోవడానికైతే ఇచ్చేదాన్ని కాదురా తమ్ముడూ" అంది అక్కయ్య, బోసి చేతులు చూసుకుంటూ. "పోకుండా ఆగడానికి కదా, సంతోషంగానే ఇచ్చాను."

మొన్న అందరం కలిసి గుడికి వెళ్ళాం. మెట్లెక్కుతూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. అందరికంటే చివర, మా ఆవిడకి రెండు మెట్లు కిందగా, మంచినీళ్ళ సీసా పట్టుకుని వాడు వస్తున్నాడు.