బడి బ్యాండు పాటకు ఏబదివేల ప్రతుల భారము

సైనికశిబిరముగా వెలసి, 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు దాల్చిన సికింద్రాబాదునకు బ్యాండు వాద్యము క్రొత్తది కాదు. ఇట్టి ఊరిలో ఒక బడి బ్యాండు, వాన కురిసినపుడెల్ల కారుచున్న తరగతిగది కప్పును బాగుచేయించుకొనుటకై, తాను వార్షికోత్సవమున వాయించి మెప్పుపొందిన సినిమాపాటనే ఒక చిన్న స్థానిక రికార్డు కంపెనీ ద్వారా వెలువరించి అమ్మదలచినచో, మన చట్టము ఆ పిల్లలకేమి చెప్పుచున్నదో పెద్దలు తెలిసికొనవలసియున్నది.

1957 నాటి కాపీరైటు చట్టపు 52వ సెక్షను, విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు మున్నగువారికే పరిమితమైన పాఠశాలసభలో ఎవరి పాటనైనను అనుమతి లేకయే పాడనిచ్చుచున్నది. ఇది ఉదారమైన నియమము. కాని ఆ పాటయే అమ్మకమునకు వచ్చెనా, హక్కుదారు దయదలచి వేరుగా అనుమతించిననే తప్ప, 2012 సవరణతో చేరిన 31సి సెక్షను అడ్డుపడును. మొదటి రికార్డు వెలువడిన పిమ్మట ఐదు సంవత్సరములు గడువవలెను. ముందుగా నోటీసు నీయవలెను. అమ్ముడుపోవునవి మూడువందల ప్రతులే యైనను, సంవత్సరమునకు కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లింపవలెను!

గీతకర్తల హక్కును కాలరాయుడని నేననుటలేదు. వారికి రాయల్టీని సుస్థిరము చేసినదియు ఆ సవరణయే. సత్కార్యము పేరిట పాట వ్రాసినవాని కూలి నెగవేయుట సత్కార్యము కానేరదు. అయితే అమ్మిన ప్రతికి చెల్లించుట న్యాయము. అమ్మని వేలకొలది ప్రతులకు చెల్లించుట ఏ న్యాయము? కేసెట్ల కాలమున, ఒకరి పాటను మరొకరిచే పాడించి వెలువరించు కవరు పాటలతో విపణిని ముంచెత్తిన పెద్ద వ్యాపారులకు తగిన కళ్లెమును బడిపిల్లలకు తగిలించుట తగదు. చలామణి అవకాశమునుబట్టి ఆయా భాషల, మాండలికముల పాటలకు ఈ సంఖ్యను తగ్గించు వెసులుబాటు ఆ సెక్షనులోనే కలదు. భాషనుబట్టి తగ్గింపదగినది, ప్రయోజనమునుబట్టి తగ్గింపరానిదా? 1984లో ఇథియోపియా క్షామనివారణకై వెలువడిన బ్యాండ్ ఎయిడ్ పాటపై పన్ను వదలనని మొదట భీష్మించిన బ్రిటిషు ప్రభుత్వమే, ప్రజాభిప్రాయమునకు తలయొగ్గి, అంత మొత్తమును విరాళముగా తిరిగి యిచ్చెను. పాఠశాలలు తమ నిర్వహణకై వెలువరించు పాటలకు అమ్మిన ప్రతులపైననే రాయల్టీ యని పార్లమెంటు ఒక్క వాక్యము చేర్చిన చాలును.

అంతవరకు త్రోవ లేకపోలేదు. రచయిత గతించిన 60 సంవత్సరములకు రచన అందరి సొత్తగును గనుక రామదాసు కీర్తనల కెవ్వరి అనుమతియు నక్కరలేదు; సికింద్రాబాదున ఆ మహనీయుని పేరనే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది, అందలివారు బ్యాండునకు అనువుగా స్వరములు కూర్చి యీయవచ్చును. అంతకంటె మేలైనది, బడిలోని తెలుగు మాష్టారే క్రొత్తపాట వ్రాయుట. అపుడు రికార్డు కంపెనీవారు స్టూడియో ఖర్చు మాత్రము పుచ్చుకొని, పాటపై హక్కును బడికే విడువవలెను. ఆ మాట ఒప్పందపత్రమున స్పష్టముగా నున్నదో లేదో చూచుకొనిన పిమ్మటనే హెడ్మాస్టరు సంతకము చేయవలెను.